చిట్టీ చింపకండి, ఖాళీ బిల్లు తీసుకోకండి

ప్రశ్న: కోనసీమలో ఒక స్థానిక సంస్థ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. చిల్లర ఖర్చుల అడ్వాన్సు 10,000 రూపాయలు నా పేరునే ఉంటుంది. మా అధికారి అప్పుడప్పుడు చిట్టీ రాసిచ్చి 2,600 తీసుకున్నారు. వరదల్లో గోదావరి మధ్యనున్న లంకకు వెళ్లిన పడవ కిరాయి 1,200కు బిల్లు లేదు. ఆడిట్ వస్తోంది. స్టేషనరీ దుకాణం నుంచి ఖాళీ బిల్లు తెచ్చి రాసుకోమని, లేదంటే సొంత డబ్బు పెట్టమని అధికారి అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ ఖాళీ బిల్లు జోలికి మాత్రం వెళ్లకండి. నగదు తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవచ్చు. కొనని కాగితాలకు బిల్లు రాస్తే ఇవ్వడానికి సంజాయిషీ అంటూ మిగలదు. మోసపుచ్చే ఉద్దేశంతో ఉద్యోగి లెక్కలు తారుమారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 344వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. రాయమన్నది ఆయనే అయినా, బిల్లు మీద కనిపించేది మీ చేతిరాత.

సొంత డబ్బు గుట్టుగా పెట్టెలో వేయడమూ తప్పే. ప్రభుత్వ నగదులో సొంత సొమ్ము కలపకూడదు. పైగా లోటు ఎలా వచ్చిందన్న ఆధారం దాంతో చెరిగిపోతుంది. కట్టమని రాతపూర్వకంగా ఆదేశిస్తే అప్పుడు రసీదు తీసుకుని, నగదు పుస్తకంలో ఎక్కించి కట్టండి.

చిట్టీలు ఓచర్లు కావు. ఖర్చు జరిగిందని అవి చెప్పవు, డబ్బు ఆయన దగ్గరుందని చెబుతాయి. మీకు ఇప్పుడు కావలసింది సరిగ్గా అదే. ఒక్కటీ చింపకండి, ఫొటోలు తీసి ఇంట్లో ఒక ప్రతి పెట్టుకోండి. జీతం రాగానే ఇచ్చేస్తానన్న మాట ఆయనను కాపాడదు. దురుద్దేశంతో కొద్దికాలం వాడుకున్నా దుర్వినియోగమేనని 314వ సెక్షన్ వివరణ చెబుతోంది. ప్రభుత్వోద్యోగి తనకు అప్పగించిన సొమ్ము విషయంలో నమ్మకద్రోహం చేస్తే 316(5) కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. కానీ భయపడవలసింది మీరు కూడా, ఎందుకంటే డబ్బు అప్పగించింది మీకు. అప్పగింత రుజువై, లెక్క చెప్పలేకపోయినా, అబద్ధపు సంజాయిషీ ఇచ్చినా దురుద్దేశం ఉందని భావించవచ్చని సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. నిజం ముందుగా మీ నోటి నుంచే రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

పడవ సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక జారీ అయిన రోజుల్లో లంకకు మనుషులను చేరవేసే సరంగు బిల్లు పుస్తకం పట్టుకుని తిరగడు. ఆ ఖర్చు నిజమైనది, దాన్ని మీరు నిలబెట్టుకోవాలి. రేవుకు వెళ్లి అతని దగ్గర చేతి రసీదు రాయించుకోండి. ఏ రేవు నుంచి ఏ లంకకు, ఏ రోజున, ఎన్నిసార్లు, ఎవరెవరు వెళ్లారు, ఎంత ఇచ్చారు, అన్నీ ఉండాలి. సంతకం రాకపోతే ఎడమచేతి బొటనవేలి ముద్ర, పక్కన పడవలో వెళ్లిన ఒకరి సాక్షి సంతకం. రసీదు మీద ఈరోజు తేదీయే వేయండి. వెనక్కి వేశారా, నిజమైన ఖర్చు కూడా అబద్ధమైపోతుంది. 5,000 దాటలేదు కనుక రెవెన్యూ స్టాంపు అక్కర్లేదు. బిల్లు దొరకలేదన్న ధ్రువీకరణ కింద అధికారి సంతకం అడగండి.

నగదు పుస్తకంలో పాత అంకెలను వైట్‌నర్‌తో చెరపకండి. తప్పుంటే ఒక గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, అధికారితో పొడి సంతకం చేయించండి.

ఆడిట్ వారు రాకముందే ఆయనకు ఒక వినతి ఇవ్వండి. నాలుగు వాక్యాలు చాలు: "ఈ తేదీన నగదు లెక్కించగా 3,800 తక్కువగా ఉంది. ఇందులో 2,600 తమరు ఈ కింది తేదీల్లో చిట్టీల మీద తీసుకున్నారు, నకళ్లు జతచేశాను. 1,200 పడవ కిరాయి, రసీదు జతచేశాను. 2,600 తిరిగి జమచేయించవలసిందిగా కోరుతున్నాను." ఇన్‌వర్డు నంబరు (కార్యాలయానికి అందిన కాగితాల వరుస సంఖ్య) వేయించుకుని మీ ప్రతి మీద ముద్ర తీసుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపండి, ఒక ప్రతి ఆయన పైఅధికారికి కూడా.