‘పెడల్ టోన్’ను శ్రుతి అనవచ్చా?

సందేహం: పర్లాకిమిడిలో పిల్లలకు తెలుగులోనే పియానో నేర్పుతున్నాను. ‘పెడల్ టోన్ పట్టండి’ అనగానే వాళ్ళ కాలు పెడల్ మీదికి పోతోంది. దీన్ని ‘శ్రుతి’ అనవచ్చా? ‘శృతి’ అని రాయాలా?

సమాధానం: వాడుక భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కడ పియానో పాఠం తెలుగులో సాగుతోందంటే నాకెంతో సంతోషంగా ఉంది.

పిల్లల తప్పేమీ లేదు. పైన కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతున్నా కింద ఒకే స్వరాన్ని నిలిపి ఉంచితే దాన్ని పెడల్ టోన్ అంటారు. ఈ పేరు ఆర్గన్ అనే వాద్యం నుంచి వచ్చింది. ఆర్గన్‌కు కాళ్ళతో వాయించే మెట్లు వేరుగా ఉంటాయి. కాలు మంద్రంలో ఒక మెట్టును అదిమి ఉంచితే, పైన చేతులు కార్డులు మారుస్తాయి. పియానోలో ఆ పని సాధారణంగా ఎడమచేతిది.

సన్నాయి మేళంలో ఒకాయన పక్కనే కూర్చుని ఒకే స్వరం ఊదుతుంటాడు కదా, అది చూపిస్తే పిల్లలకు సగం అర్థమైపోతుంది. కానీ ఆ శ్రుతి మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. పెడల్ టోన్ నాలుగు కార్డులపాటు నిలిచి తప్పుకోవచ్చు. షడ్జమమే కానక్కర్లేదు, పంచమమూ కావచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. ఎడమచేత్తో కింది ‘సి’ ఉంచి, కుడిచేత్తో సి, ఎఫ్, జి, మళ్ళీ సి మేజర్ కార్డులు వాయించండి. ఎఫ్ కార్డులో సి ఎలాగూ ఉంది, ఒదిగిపోతుంది. జి కార్డులోని ‘బి’ మాత్రం కింది సితో ఒరుసుకుంటుంది. ఆ టెన్షన్ చివరి సి కార్డుతో తీరుతుంది. అందం ఆ ఒరిపిడిలోనే ఉంది. మన వాడుకలో శ్రుతి అంటే కలవడం. ‘శ్రుతి’ అని చెబితే, పిల్లవాడు బి దగ్గర అపశ్రుతి వచ్చిందనుకుని చెయ్యి తీసేస్తాడు.

అందుకే ‘నిలకడ స్వరం’ అనమంటాను. ‘సి నిలకడగా ఉంచి కార్డులు మార్చు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. పియానో స్వరం కాసేపటికి ఆరిపోతుంది కనుక అవసరమైనచోట మళ్ళీ నొక్కమనండి. పుస్తకాల్లో కనబడేది పెడల్ టోన్ కాబట్టి ఆ పేరూ చెప్పి ఉంచండి.

ఇక రాత సంగతి. ‘శ్రుతి’ ఒక్కటే ఒప్పు. వినడం అనే అర్థమున్న ‘శ్రు’ ధాతువు నుంచి వచ్చింది. తెలుగులోనూ, మీ చుట్టూ వినబడే ఒడియాలోనూ ఋకారాన్ని ‘రు’ అనే పలుకుతారు కనుక చెవి సాయపడదు. ‘శ్రోత’, ‘శ్రవణం’ పక్కన రాసి చూపించండి, క్రావడి ఎక్కడిదో పిల్లలకు కంటికే కనిపిస్తుంది.