ఖాళీ మొక్కను రికార్డు చేసే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి ఏడాది. కంది కొమ్మ మీద ముల్లులా అంటుకుని ఉండే పురుగులు, వాటి పిల్లలు మాట్లాడుకుంటాయట. కుండీ గదిలోకి తెచ్చి, కాండానికి ఏదో బిళ్ళ అతికించి రాత్రిళ్ళు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటోంది. మే నెలలో ఫ్యాన్ ఆపమంటుంది. పురుగుల్ని తీసేసి ఉత్త మొక్కను కూడా రికార్డు చేస్తోంది! ఎమ్మెస్సీ ఎంటమాలజీ (కీటకశాస్త్రం), ఆపైన పీహెచ్‌డీ చేస్తానంటోంది. మాకు మిర్యాలగూడలో ఎరువులు, పురుగుమందుల షాపుంది. వ్యవసాయంలో ఏఐ కోర్సుకి మంచి గిరాకీ ఉందంటున్నారు. ఏది మేలు?

జవాబు: పోలుస్తాను గానీ, మీ అసలు బెంగ వేరు. జీతమెప్పుడు, పెళ్ళెప్పుడు, చుట్టాలడిగితే ‘పురుగుల మాటలు వింటోంది’ అని ఎలా చెప్పడం? ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, పురుగు మారుతుందంతే.

ముందు ఆ ఉత్త మొక్క సంగతి. పురుగుల్లేనప్పుడూ అదే చప్పుడు వస్తే అది గాలో, ఫ్యానో అని తేలిపోతుంది. ఆ పోలిక లేకుండా ఏ ప్రయోగమూ నిలబడదు. ఎవరూ చెప్పకుండా పిల్లకి అది తట్టిందంటే మీరు సంతోషించాలి. మీరేమో పిచ్చి అనుకుంటున్నారు.

అది వింటున్నదీ కట్టుకథ కాదు. మధ్య అమెరికాలో ఉంబోనియా అనే ముల్లు పురుగు ఉంది. తల్లి పిల్లల గుంపుకి కాపలా కాస్తుంది. కందిరీగ మీదపడితే పిల్లలన్నీ కలిసి కొమ్మను కంపింపజేస్తాయి. గాల్లో మనకేమీ వినపడదు, తల్లికి కాళ్ళ కింద తెలుస్తుంది. వచ్చి రెక్కలు విదిల్చి, కాళ్ళతో తన్ని తరుముతుంది. శత్రువు పోయాక తల్లే తిరిగి సంకేతాలిస్తుంది, దాంతో పిల్లలు ఉత్తుత్తి కేకలు తగ్గిస్తాయి. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో రెక్స్ కాక్రాఫ్ట్, ఆయన శిష్యులు ఏళ్ళ తరబడి విని తేల్చిన సంగతులివి. మీ ఇంట్లో మాత్రం ఉత్తుత్తి కేకలు పెడుతున్నది పిల్ల కాదండీ.

మీ షాపు సంగతికొద్దాం. మీరు సుడిదోమకి మందు అమ్ముతారు కదా? వరి కాండం మీద ఆ దోమ పొట్ట ఆడించి జోడీని పిలుస్తుందని జపాన్ వాళ్ళు 1974లోనే రాశారు. ఇటలీలోని శాన్ మికేలేలో 2017 నుంచి ఒక ద్రాక్షతోటలో పందిరి వైర్ల గుండా కంపనాలు పంపి, ఆకుదోమల జోడీ కుదరకుండా చూస్తున్నారు. మన పొలాలకి అది రేపే వచ్చేస్తుందని చెప్పను. కానీ మందుకి లొంగని దోమతో మీరే వేగుతున్నారు కాబట్టి, ఇది పనికిరాని చదువని మీ నోట రాకూడదు.

ఇక ఏఐ. నాకు ఏఐ మీద కోపం లేదు, ఆ పేరు తగిలించుకున్న కోర్సుల మీదే అనుమానం. పాఠం చెప్పేవాళ్ళు పొలంలో అడుగుపెట్టారా? విద్యార్థి సొంతంగా సేకరించిన డేటా ఒక్కటైనా ఉందా? ఈ రెండూ అడిగితే చాలాచోట్ల బ్రోచర్ తిప్పుతారు. నేనే నాలుగేళ్ళ క్రితం ఒక కుర్రాణ్ణి ఇలాంటిదానికి పంపాను. లక్షలు పోశాక ఎక్సెల్ బాగా నేర్చుకుని వచ్చాడు. ఆ తప్పు నాది, అందుకే ఇంత ఘాటుగా రాస్తున్నా. మీ అమ్మాయి చేతిలో సొంత రికార్డింగులున్నాయి. వాటిలో పురుగునీ గాలినీ వేరుచేయడానికి పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే, మీరు కొనబోయే సర్టిఫికెట్‌లో సగం సరుకు ఇంట్లోనే దొరుకుతుంది.

పోలిక ఇంతే: ఎమ్మెస్సీ రెండేళ్ళు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేస్తే వరి పరిశోధన సంస్థ పక్కనే ఉంది. పీహెచ్‌డీ మాట ఆ తర్వాత. అప్పుడైనా జాతీయ ఫెలోషిప్ వస్తే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రేటు 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు. చేయి చాచక్కర్లేదు. ఈలోగా వ్యవసాయాధికారి నోటిఫికేషన్ పడితే, బీఎస్సీ మీదే రాయొచ్చు. ఏ తలుపూ మూసుకోలేదు, ముప్పై ఏళ్ళ లెక్క ఇప్పుడే వేయకండి.

కుండీకి ఫ్యాన్ గాలి తగలని మూల ఒకటి చూసిపెట్టండి. తెల్లవారుజామున నాలుగింటికైతే ఉక్కా తక్కువే, వీధిలో లారీలూ తక్కువే.