టీమ్ పరిచయం రాయమన్నారని అడిగావు కదా

చిరంజీవికి,

మన నెల్లూరు పత్రికలో పనిచేసేవాళ్ల గురించి నువ్వు రాసిన చిత్తుప్రతి చూశాను. ఆరుగురికి ఆరు పరిచయాలు రాశావు. అందరికీ రాయడమంటే ప్రాణం, అందరికీ కాఫీ అంటే ఇష్టం. పేర్లు అటుదిటు మార్చినా ఎవరూ పసిగట్టలేరు. ఈ మనిషి రాసింది నమ్మి ట్రంకురోడ్డు కొట్ల దాకా పోవచ్చా, డబ్బు పెట్టొచ్చా? పరిచయం చదివేవాడికి కావలసింది అది. కాబట్టి ఒక్కొక్కరి పక్కన ఒక పూట కూర్చో. అచ్చులోకి పోకుండా వాళ్లు ఆపుతున్న తప్పేందో చూసి, అది రాయి.

వంటల పేజీ చూసే ఆవిడతో మొదలుపెట్టు. 'నెల్లూరు చేపల పులుసు మీద మంచి పట్టు' అన్నావు. ఆ పట్టు ఎట్టాంటిదో చూపించాలి కదా అబ్బయా! హోటల్ వంటమాస్టర్ని ఆమె అడిగే తీరు గమనించు. ఆయన 'చింతపండు తగినంత' అంటాడు. ఆమె అక్కడ వదలదు. ఎన్ని కేజీల చేపకి? ఆయన గుప్పిట్లోకి తీసుకున్నదాన్ని కాటాలో పెట్టిస్తుంది. మామిడికాయ వేసే రోజు చింతపండు ఎంత తగ్గిస్తారని అడుగుతుంది. పులుపు కాయకొక రకంగా ఉంటుంది, ముందే కాయ కొరికి చూడకపోతే పులుసు నోట పెట్టలేం. చేపముక్కలు పడ్డాక గరిటె పెట్టరు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పుతారు. గరిటె తగిలితే ముక్క చితికి పులుసంతా ముళ్లవుతుంది. వండిన పూట కన్నా మర్నాడు బాగుంటుందని అందరూ రాస్తారు, ముక్కకు ఉప్పూ పులుపూ లోపలిదాకా పట్టడానికి ఆ రాత్రి కావాలని ఆమె రాస్తుంది. ఇదంతా పరిచయంలో పట్టదు, పట్టించొద్దు. 'కొలతలు కాటా మీద చూశాకే రాస్తారు' అంటే చాలు.

ప్రకటనల్లో మాటలు రాసే అతన్ని 'క్రియేటివ్ బుర్ర' అన్నావు. అతని పనిలో సగం కొట్టివేతలే. ఇళ్ల స్థలాల వెంచర్ వాళ్లు అంకణం రేటు ఇచ్చిపోతారు. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అదే అంకణం 36 చదరపు అడుగులు. రేటు ఒకటే అనుకుని అటునుంచి ఫోన్ చేసేవాడితో గొడవ ఖాయం. అందుకే అతను అంకణం పక్కనే గజాల్లో కూడా వేయిస్తాడు. సెంటుకు 48.4 గజాలు, మన లెక్కలో ఆరు అంకణాల చిల్లర. స్థిరాస్తి వ్యాపారాల నియంత్రణ చట్టం (రెరా) పరిధిలోకి వచ్చే వెంచర్‌కి రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ప్రకటనే తీసుకోడు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా ప్రకటనకు ముందే రిజిస్టర్ కావాలి. నగల కొట్టువాళ్లు 'తరుగు లేదు' అంటే, మజూరీ ఎంతో చెప్పమంటాడు, ఎందుకంటే తగ్గించిన తరుగు తరచూ అందులోకే చేరుతుంది. హాల్‌మార్క్ అని రాయాలంటే వస్తువు మీద ఆరు అక్షరాలంకెల గుర్తింపు కోడు హెచ్‌యూఐడీ ఉందో లేదో చూస్తాడు. 'షుగర్ పూర్తిగా నయం' లాంటివి మందుల ప్రకటనల మీద ఉన్న 1954 నాటి చట్టం ప్రకారం రాయకూడదని వైద్యశాల వాళ్లకు నచ్చజెప్పేదీ అతనే.

సరుకులు మెచ్చుకుంటూ వీడియో చేసే పిల్లలకు ఇంకొకటి చెప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే సరుకు తయారుచేసినవాడికే కాదు, బాగుందని చెప్పినవాడికీ తొలిసారి రూ.10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. డబ్బు తీసుకుని చేసినదాని మీద 'ప్రకటన' అనే మాట పైనే ఉండాలి. చివర చిన్నక్షరాల్లో పెడితే లేనట్టే లెక్క.

యాడ్స్ తెచ్చే మనిషిని అసలు వదిలేశావు. రాసేవాళ్లకు ఉండే చిన్నచూపు ఇది, నాకు నచ్చదు. ఊరి క్యాలెండర్ అతని నోట్లో ఉంటుంది. మూఢంలో కల్యాణ మండపాలవాళ్లు పైసా తీయరు, ఆషాఢంలో బట్టల కొట్లు తగ్గింపుల కోసం తొందరపెడతాయి, వరి కోతల డబ్బు చేతికొచ్చాక బండ్ల షోరూములు కదులుతాయి. రొట్టెల పండుగ మొహర్రంతో వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. పోయినేటి తేదీ చూసి పేజీ ప్లాన్ చేస్తే స్వర్ణాల చెరువు దగ్గర జనం తిరిగిపోయాక మన కథనం వస్తుంది. అతని పరిచయంలో ఒక మాట గట్టిగా చేర్చు: 'కథనాల్లో ఏం రావాలో ఈయన చెప్పరు.'

డిజైనర్ గురించి రెండు ముక్కలే. మనం యూనికోడ్‌లో కొట్టింది ఫ్లెక్సీ ప్రింటింగువాళ్ల దగ్గర పాత పద్ధతి అను ఫాంట్లలోకి మారేటప్పుడు ఒత్తులు జారతాయి, పొల్లు తర్వాత కనపడకుండా ఉండే విడదీత మాయమై 'మార్కెట్‌లో' అన్నది 'మార్కెట్లో' అని ముద్దగా అతుక్కుపోతుంది. మార్చాక మళ్లీ చదివేది అతనొక్కడే. ఆ సంగతి రాయి.

ప్రూఫులు చూసే పెద్దాయనకు 'భాషా పండితులు' అని పెట్టావు. నిజమే, కానీ ఆయన చేసే గొప్ప పని భాషకు సంబంధించింది కాదు. ప్రతి ఫోన్ నంబరునూ ప్రూఫు కాగితంలో చూసి డయల్ చేస్తారు. ఫోన్లో సేవ్ చేసుకున్నది నొక్కితే తప్పు దొరకదు, నంబరు ఎప్పుడూ కలుస్తుంది. ఒకరు అంకెలు పైకి చదవాలి, ఇంకొకరు నొక్కాలి. ఊరి పక్కన జిల్లా పేరు కూడా ఆయన వదలరు. కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి నెల్లూరుకు మారినప్పుడు పాత ఫైళ్లలోంచి ఎత్తి రాసిన చిరునామాలన్నీ తప్పయ్యాయి.

ఇప్పుడు నీ వాక్యం ఒకటి తీసుకుందాం. 'ఫ్యాషన్ అంటే ఆసక్తి గల యువ రచయిత్రి.' దీన్ని ఇట్టా మార్చి చూడు: 'వెంకటగిరి చీరల మీద రాస్తారు. మగ్గం దగ్గరికి వెళ్లి నేసేవాళ్లను అడగకుండా చేనేత అన్న మాట వాడరు. ఆమె రాసినదాంట్లో తప్పు కనిపిస్తే ఆఫీసు నంబరుకు చెప్పండి, తర్వాతి సంచికలో దిద్దుతారు.' మూడు వాక్యాలు, పాతిక మాటలు కూడా లేవు. అయితే ఆ దిద్దుబాటు మాట ఎడిటర్ ఒప్పుకుంటేనే వెయ్యి.

ఫొటోలు స్టూడియోలో చేతులు కట్టుకుని దిగినవి వద్దు. కాటా పక్కన ఆవిడ, ఫోన్ చెవికి పెట్టుకున్న పెద్దాయన చాలు. కళ్లజోడులో ట్యూబులైటు మెరుస్తుంది, కిటికీ పక్కకు కూర్చోబెట్టి తీయించు. తిరగరాశాక మళ్లీ పంపు, శనివారం లోపల చూసి పెడతాను.