నిగ్రహం అంటే ఓర్పేనా?

నిగ్రహం, ఓర్పు, సంయమనం మూడూ ఒకటేనా, ఏది ఎక్కడ వాడాలి అని అడిగారు. ఒకటి కాదండీ. ఆ తేడా నాకు నిఘంటువులో కన్నా ముందు ఇంట్లోనే తెలిసింది.

మా నాన్నగారికి మతిమరుపు జబ్బు ముదిరాక, తాళాలు ఏవని రోజంతా అడుగుతూనే ఉండేవారు. ఐదారుసార్లు మామూలుగానే చెప్పేదాన్ని, లోపల చిరాకేమీ ఉండేది కాదు. దాన్ని ఓర్పు అంటాను. ఒక సాయంత్రం మాత్రం, తాళాలు ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసి ఇటు తిరిగానో లేదో, "నువ్వే దాచేశావు" అన్నారు. అరవబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, తర్వాత మెల్లగా ఆయన పిడికిలి విప్పి చూపించాను. నిగ్రహం అంటే అదీ. లోపల ఏదో ఎగదన్నుకొస్తేనే ఈ మాటకు పని. అసలు కోపమే రాని మనిషిని శాంతస్వభావుడు అనొచ్చు గానీ, నిగ్రహం ఉన్నవాడు అనడం నాకు సరిగ్గా అనిపించదు.

మాట పుట్టుకలోనూ ఇదే ఉంది. సంస్కృతంలో 'గ్రహ్' ధాతువుకు పట్టుకోవడం అని అర్థం. భగవద్గీత 6వ అధ్యాయంలో అర్జునుడు మనసును నిగ్రహించడం గాలిని నిగ్రహించినంత కష్టమంటాడు. అనుగ్రహం, ఆగ్రహం కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఇంకో సంగతి: నిగ్రహానికి ఎదుటివాళ్ళను అణచడం, శిక్షించడం అనే అర్థమూ ఉంది. 'దుష్టనిగ్రహం'లో ఉన్నది అదే. అందుకే తనను తాను అదుపులో పెట్టుకోవడం అని తేల్చి చెప్పాల్సిన చోట 'ఆత్మనిగ్రహం' అని రాయడం మంచిది.

వాక్యంలో అయితే నిగ్రహం చూపిస్తాం, నిగ్రహం కోల్పోతాం, కోపాన్ని నిగ్రహించుకుంటాం. సంయమనం మాత్రం ఎక్కువగా 'పాటిస్తాం'. ఊళ్ళో గొడవలైనప్పుడు "ప్రజలు సంయమనం పాటించాలి" అని అధికారులు కోరతారు చూడండి, ఆ మాట అలాంటి చోట బాగా అతుకుతుంది. అదే ఇంట్లో మనిషితో అంటే ప్రకటన చదివినట్టుంటుంది.

నిగ్రహం కూడా రాతలో వచ్చినంతగా నోట రాదు. ఆ రాత్రి మా చెల్లికి ఫోన్ చేసి జరిగింది చెప్పినప్పుడు నేనన్నది, "ఇవాళ ఎలాగో తమాయించుకున్నానే" అని.