వెండితెర ఉత్తరాలు: అయోవాలో ఏముంటుంది మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి అమెరికాలో అయోవా అనే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. వేసవికి మమ్మల్ని రమ్మంటున్నాడు. సినిమాల్లో నేను చూసిన అమెరికా అంటే న్యూయార్క్ మేడలూ, కాలిఫోర్నియా సముద్రమూ. వాడు వీడియో కాల్‌లో కిటికీ బయటికి చూపిస్తే అంతా బయలే. మా వారేమో “అక్కడేముంటుంది, మొక్కజొన్న తప్ప” అంటున్నారు. ఆ రాష్ట్రాన్ని చూపించిన సినిమాలు ఏవైనా ఉన్నాయా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ వారు అన్నది అబద్ధం కాదు. అమెరికాలో మొక్కజొన్న అన్నిటికంటే ఎక్కువ పండేది ఆ రాష్ట్రంలోనే. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి నేనూ నాలుగు నెలలు అక్కడే ఉన్నాను. మొదటి వారం ఒకటే బెంగ. పాల ప్యాకెట్టుకీ కారే, కొత్తిమీర కట్టకీ కారే. రోడ్డు మీద నడిచే మనిషి కనిపిస్తే పండగ. అలా దిగులుగా కూర్చుంటే మా అల్లుడు ఒక రాత్రి ‘ద స్ట్రెయిట్ స్టోరీ’ పెట్టాడు. 1999 సినిమా, డేవిడ్ లించ్ తీశాడు.

కథ నిజంగా జరిగిందే. ఆల్విన్ స్ట్రెయిట్ అనే ముసలాయనది అయోవాలో లారెన్స్ అనే చిన్న ఊరు. అన్నకి పక్షవాతం వచ్చిందని కబురు తెలుస్తుంది. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. అన్న ఉండేది పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో. ఈయనకి చూపు సరిగా ఆనదు, లైసెన్సు లేదు. ఇంకొకరు బండి నడిపితే ఎక్కడానికి మనసొప్పదు. ఏం చేశాడనుకున్నారు? పెరట్లో గడ్డి కోసే మిషన్‌కి వెనక ఒక ట్రాలీ తగిలించుకుని బయలుదేరాడు. 1994లో, 73 ఏళ్ళ వయసులో, 240 మైళ్ళు. మన విజయవాడ నుంచి విశాఖపట్నం కంటే ఎక్కువే. గంటకి ఐదు మైళ్ళ నడక, ఆరు వారాల ప్రయాణం!

షూటింగ్ కూడా ఆయన వెళ్ళిన దారి వెంటే చేశారు. అందుకే చేలూ, ధాన్యం గోదాములూ, తుపాను మబ్బులూ అన్నీ అక్కడివే. ఒక షాట్ చెప్తాను. మిషన్ మీద ముసలాయన రోడ్డు పక్కగా పోతుంటాడు. కెమెరా మెల్లగా ఆకాశంలోకి లేస్తుంది. అబ్బో, ఎంత దూరం వెళ్ళిపోయాడో అనుకుంటాం. కెమెరా కిందికి దిగితే ఆయన ఇంకా అక్కడే, నాలుగు గజాలు కదిలాడంతే! నేను పగలబడి నవ్వాను. మర్నాడు మా అమ్మాయి ఇంటి వెనక నిలబడి చూస్తే అదే ఆకాశం. ఆ బయలు నాకు ఖాళీగా అనిపించడం మానేసింది ఆ రోజే. ముసలాయనగా వేసిన రిచర్డ్ ఫార్న్స్‌వర్త్‌కి 79 ఏళ్ళ వయసులో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు రాలేదు లెండి, రావాల్సింది.

రెండోది మీ వారికి. ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’, 1989. ఒక రైతు పండే మొక్కజొన్న చేను కొంత తొక్కించేసి బేస్‌బాల్ మైదానం కడతాడు. చచ్చిపోయిన ఆటగాళ్ళు ఆ చేలోంచి నడిచొచ్చి ఆడిపోతుంటారు. బేస్‌బాల్ ఓనమాలు తెలియకపోయినా ఫరవాలేదు, నాకూ తెలియవు. అది నాన్న మీద బెంగ పెట్టుకున్న కొడుకు కథ. షూటింగ్ జరిగిన 1988లో కరువు. చేనుకి నీళ్ళు పెట్టించి మరీ పెంచారట. పశ్చిమ గోదావరి వాళ్ళకి ఆ టెన్షన్ విడమరచి చెప్పక్కర్లేదు. డయర్స్‌విల్ అనే ఊళ్ళో ఆ మైదానం, తెల్లటి పెంకుటిల్లు లాంటి ఆ ఇల్లు ఇప్పటికీ ఉన్నాయి. మా అల్లుడు మూడు గంటలు కారు నడిపి తీసుకెళ్ళాడు. ఆగస్టులో మొక్కజొన్న నా తల దాటి ఉంది. అందరిలాగే నేనూ చేలోకి నాలుగడుగులు వేసి, ఆటగాడిలా బయటికి వచ్చి ఫొటో దిగాను. చేతులు ఆకు కోసుకుని రెండు రోజులు మంట. మీరు వెళ్తే పొడుగు చేతుల జాకెట్టు వేసుకోండి.

ప్రశ్న: నార్త్ డకోటాలో ఫార్గో అనే ఊళ్ళో ఎమ్మెస్ సీటు వచ్చింది. పేరు చూసి ‘ఫార్గో’ సినిమా చూశాను. మంచూ, హత్యలూ! ఇప్పుడు ఇంట్లో వాళ్ళు వద్దంటున్నారు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, ఇంట్లో వాళ్ళకి ఆ సినిమా ఎందుకు చూపించావయ్యా! 1996లో కోయెన్ సోదరులు తీసిన ఆ సినిమాలో ఫార్గో కనిపించేది మొదట్లో, బారు సీన్‌లో మాత్రమే. మిగిలిన కథంతా దాదాపు పక్క రాష్ట్రం మిన్నెసోటాలోదే. ‘ఇది నిజంగా జరిగింది’ అని మొదట్లో పడే అక్షరాలు కూడా దర్శకుల కొంటెతనమే. తమాషా ఏమిటంటే, షూటింగ్ ఏడాది మిన్నెసోటాలో మంచు సరిగా పడక, మంచు వెతుక్కుంటూ నార్త్ డకోటా వెళ్ళారు. కాబట్టి హత్యల సంగతి వదిలెయ్, చలి మాత్రం నిజం.

నాకు ఆ సినిమాలో హత్యలకంటే ఒక తెల్లవారుజాము సీన్ ఇష్టం. నిండు గర్భిణి అయిన పోలీసు అధికారిణికి ఫోన్ వస్తుంది. మొగుడు నిద్ర కళ్ళతో లేచి, గుడ్లు వేసి తినిపించి పంపుతాడు. ఆవిడ బయటికి వెళ్ళి మళ్ళీ తలుపు తీసుకుని వచ్చి, కారు స్టార్ట్ కావట్లేదు, బ్యాటరీకి కాస్త తీగలు తగిలించాలి అంటుంది. అక్కడి చలికాలమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అమ్మానాన్నలకి ఆ సీన్ ఒక్కటి చూపించు. ఆ తర్వాత మంచి కోటు కొనుక్కో.

ప్రశ్న: అమెరికాలో వయొమింగ్ రాష్ట్రం కథైతే వయొమింగ్‌లోనే తీస్తారా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అన్నిసార్లూ తీయరు. వయొమింగ్ కథ ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’లోని కొండలు చాలావరకు కెనడావి. ఆర్కన్సాలో కొరియా కుటుంబం పొలం కొనుక్కునే ‘మినారి’ని ఓక్లహోమాలో తీశారు. రామోజీ ఫిల్మ్ సిటీలో విమానాశ్రయం, రైల్వే స్టేషన్ చూసొచ్చిన మనకి ఇది వింతా?

ప్రశ్న: అమెరికా మారుమూల రాష్ట్రాల్లో మనవాళ్ళ బతుకు చూపించిన సినిమా ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెలుగువాళ్ళు కాదు గానీ గుజరాతీలున్నారు. మీరా నాయర్ ‘మిసిసిపీ మసాలా’, 1991. నియంత ఇడీ అమీన్ 1972లో ఉగాండా నుంచి వెళ్ళగొట్టిన కుటుంబం మిసిసిపీలో గ్రీన్‌వుడ్ అనే ఊరు చేరి, బంధువుల మోటెల్‌లో తలదాచుకుంటుంది. కూతురు ఒక నల్లజాతి యువకుణ్ణి ప్రేమిస్తుంది. అతను డెంజెల్ వాషింగ్టన్. నల్లవాళ్ళతో “మనమంతా ఒకటే” అని నవ్వుతూ చేతులు కలిపే పెద్దమనుషులు, పిల్ల సంగతి బయటపడగానే ఎలా మారిపోతారో చూడండి. మన ఇళ్ళల్లో కులం మాట వచ్చినప్పుడు మారే ముఖాలే అవి. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఇది చూడాలి, పిల్లలు లేనప్పుడు ఇద్దరూ కూర్చుని.

ప్రశ్న: మీరు చెప్పే సినిమాలన్నీ నత్తనడకే. మా ఆయన పది నిమిషాల్లో గుర్రు పెడతారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: ‘నెబ్రాస్కా’ పెట్టి చూడండి, 2013 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. అందులో మగ చుట్టాలంతా వరసగా టీవీ ముందు కూర్చుని ఉలుకూ పలుకూ లేకుండా చూస్తుంటారు. వాళ్ళ నోరు పెగిలేది కార్ల గురించీ, ఏ ఊరు ఎన్ని గంటల్లో చేరొచ్చో అనే దాని గురించీ. మీ ఆయన లేచి కూర్చుని “మా బాబాయిలు అచ్చం ఇంతే” అంటారు. అనకపోతే దుప్పటి కప్పి, మీరు మిగతాది చూసెయ్యండి.