అనంతపురంలో ప్రెస్‌నోట్ పంపినా పేపర్లో ఎందుకు రాదు?

కొర్రల బిస్కెట్ల యూనిట్‌కి పీఆర్ (ప్రచారం పని) చూస్తున్నా, 30 మంది విలేకరులకి నోట్ పంపితే ఒక్కరూ వేయలేదు అని అడిగారు కదా. 30 మందికి ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేయడమే అసలు సమస్య అండి. ముందు వారం రోజులు జిల్లా పేజీలు చదవండి, వ్యవసాయం ఎవరు రాస్తున్నారు, మండలం వార్తలు ఎవరు పంపుతున్నారు చూసి ఆ నలుగురైదుగురికే విడివిడిగా పేరు పెట్టి రాయండి.

"మా సంస్థ ఘనంగా ప్రారంభించింది" అని మొదలుపెడితే అక్కడే ఆగిపోతారు. అదే "వేరుశనగ పోయి అప్పులపాలైన రాప్తాడు రైతులు కొర్రకి మారారు, వాళ్ల పంట ఇక్కడే కొంటున్నారు" అంటే అది వార్త, ఎందుకంటే వాన తక్కువ పడే ఈ జిల్లాలో అది ప్రతి ఇంటి సంగతి. కానీ అది నిజమై ఉండాలి, మాట్లాడటానికి ఒప్పుకున్న రైతు ఫోన్ నంబర్ కూడా ఇవ్వాలి.

ఇంకోటి, చాలామంది 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్‌లో కొట్టి పీడీఎఫ్ పంపుతారు, అది కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, పాపం ఆ విలేకరి మళ్లీ మొత్తం టైప్ చేసుకోవాలి. యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మామూలుగా తెలుగు టైప్ చేసినట్టే, మెసేజ్‌లోనే పెట్టండి. ఫోటో విడిగా, ఎడమ నుంచి ఎవరెవరో రాసి పంపండి.

పొద్దున 11 లోపు పంపితే మేలు, సాయంత్రం పేజీలు కట్టే టైంలో ఫోన్ చేయొద్దు. రెండు రోజులాగి ఒక్కసారి అడగండి, చాలు. విలేకరికి కవర్లో డబ్బులు మాత్రం పెట్టి ఇవ్వొద్దండి, దయచేసి.