ఆ కన్ను ఆయన కొట్టింది కాదు

విజయనగరం

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు ఊరికే చదివాను, మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఒక లెక్క చెప్తాను, కోపం తెచ్చుకోకు. పదకొండు పేజీల కథలో 'ముఖం' అనే మాట ఇరవై మూడు సార్లు వచ్చింది. అందులో పదిహేడు సార్లు అది మీ అన్నయ్య ముఖమే.

ముఖం చిన్నబోయింది, ముఖం వెలవెలబోయింది, ముఖంలో కోపం కదలాడింది. మన కథకులకి ఇది తాతల నాటి అలవాటు. పాత్ర మనసులో ఏముందో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మొహం మీదకి టార్చిలైటు వేస్తాం. కనుబొమలు ముడేస్తాం, మూతి విరిపిస్తాం, పెదవి వణికిస్తాం. చాలామంది పాత్రలకి ఆ సామాను సరిపోతుంది. మీ అన్నయ్యకి సరిపోదు. ఆటిజం ఉన్న ఆయన ముఖం ఆయన మాట వినదనే కదా నీ కథ! మరి నువ్వే ఐదో పేజీలో 'అతని ముఖం చూస్తే లోపలి బాధంతా తెలిసిపోతోంది' అని రాస్తే ఎలా?

ఈ తప్పు నేను నీకంటే ఘోరంగా చేశాను. 1988 ప్రాంతం మాట. గంటస్తంభం దగ్గర ఒక బట్టల కొట్టులో గుమాస్తా ఉండేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు కళ్లూ గట్టిగా మూసి తెరిచేవాడు. కాసేపటికి ఎడమ చెంప పైకి లాగేది, గడ్డం ఒక్క విసురుతో పక్కకి పోయేది. ఎవరి కళ్లలోకీ చూసేవాడు కాదు. చీర మడత పెడితే అంచు మీద అంచు కూర్చునేదాకా ఇంకో చీర విప్పేవాడు కాదు, కొనేవాళ్లు ఎంత గోల పెట్టినా సరే. నాకు మంచి సరుకు దొరికిందనిపించింది. కన్ను కొట్టి చీరలమ్మే గుమాస్తా అని ఒక హాస్యకథ రాశాను. పత్రికలో పడింది. స్నేహితులు పడీ పడీ నవ్వారు. ఆ నెలంతా నేను నేల మీద నడవలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. చేతిలో ఆ పత్రిక ఉంది, చుట్ట చుట్టి.

"కత బాగుంది మాస్టారూ. గానీ ఆ కన్ను నాను కొట్టింది కాదు."

"మరేటి?" అన్నాను, బుద్ధిలేక.

"తుమ్మొచ్చే ముందర ముక్కులో ఒకటి గిలగిలలాడతాది సూడండి. నాకది సెంపలో ఉంటాది. ఒగ్గేస్తే పోతాది. ఆపితే ఆగుతాది. గానీ ఎంతసేపని ఆపగలం?"

పొద్దున్నుంచి కొట్టు కట్టేదాకా ఆపుకునేవాడట. ఆడవాళ్ల బేరాలప్పుడు మరీనూ. రాత్రి తలుపులు వేశాక వెనకాల బట్టల బేళ్లు పెట్టే గదిలోకి పోయి, లైటు వేసుకోకుండా నిలబడేవాడట. పగలంతా ఆపినవన్నీ అప్పుడు ఒక్కసారిగా వచ్చి పడేవి. కళ్లు, చెంప, మెడ, భుజం. పావుగంటకి గానీ తగ్గేది కాదు. మర్నాటికి మెడ పట్టేసేది. ఇదంతా చెప్తున్నప్పుడు ఆయన చెంప నాలుగైదుసార్లు లాగింది. నేను మా వీధిలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆయనది ఆటిజమేనా అని అడుగుతావేమో. ఆ మాట అప్పట్లో మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. పోయిన మనిషికి నేనిప్పుడు పేరు పెట్టను. నా కథ మాత్రం పోలేదు. కథకులు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, శ్రీకాకుళంలో 1997లో కథానిలయం అని కథల లైబ్రరీ పెట్టారు కదా, పాత పత్రికలెన్నో అక్కడ భద్రంగా దాచారు. నా పాపం కూడా వాటి మధ్య ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటుంది. అచ్చయిందాన్ని వెనక్కి తీసుకోలేం, ఇది గుర్తుంచుకో.

ఇక నీ కథకి వస్తాను. నువ్వు మూడు వేరువేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేశావు. మీ అన్నయ్య చేతులు ఆడించుకోవడం, కళ్లు టపటపలాడించడం, పెదనాన్న చావు దగ్గర నవ్వడం. అన్నిటికీ 'అతని చేష్టలు' అనే రాశావు. విప్పి చూడు.

చేతులు ఆడించడం, కూర్చున్నచోట ముందుకీ వెనక్కీ ఊగడం ఒక రకం. దాన్ని స్టిమ్మింగ్ అంటున్నారు. దానికో లయ ఉంటుంది, చిన్నప్పటి నుంచీ ఉంటుంది, చేస్తుంటే మనిషికి హాయిగా ఉంటుంది. గోల ఎక్కువైతే, సంతోషం ఎక్కువైతే అది ఆయన పట్టుకునే ఊతకర్ర. కథలో దాన్ని మాన్పించే సీను పెట్టి, దాన్ని మీ నాన్నగారి ప్రేమగా చూపించావు. ఊతకర్ర లాక్కోవడం ప్రేమెలా అవుతుంది?

కళ్లార్పడం, చెంప లాగడం వేరు. వాటిని టిక్స్ అంటారు. లయ ఉండదు, ఉన్నట్టుండి వచ్చి పోతాయి. ఈ ఏడాది కంట్లో ఉన్నది వచ్చే ఏడాది భుజంలోకి దిగుతుంది, కొన్నాళ్లు కనబడకుండా పోయి మళ్లీ వస్తుంది. రాబోయే ముందు ఆ గుమాస్తా చెప్పిన గిలగిల ఉంటుంది. కావాలని చేసేది కాదు, అలాగని అసలు ఆపలేనిదీ కాదు. కాసేపు ఆపగలరు, ఆ కాసేపటికి ఖరీదు కట్టాలి. ఈ మధ్యలో ఉండటమే లోకానికి అర్థం కాదు. 'ఇందాక ఆపావుగా, ఇప్పుడేం రోగం?' అని మీ మేనమామ చేత అనిపించావు చూడు, నీ కథలో అన్నిటికంటే నిజమైన వాక్యం అది. టెన్షన్ పడితే, నిద్ర చాలకపోతే ఇవి పెరుగుతాయి. 'ఆపు, ఆపు' అంటే ఇంకా పెరుగుతాయి.

ఫ్రాన్సులో జిల్ ద లా టూరెట్ అనే డాక్టరు 1885లోనే తొమ్మిది మంది రోగులను చూసి ఇలాంటి వాటి గురించి రాశాడు. ఆయన పేరుతో ఉన్న టూరెట్ సిండ్రోమ్ అనగానే సినిమావాళ్లు బూతులు తిట్టే మనిషిని చూపిస్తారు. అలా బూతులు వచ్చేది కొద్దిమందికే, నువ్వు ఆ దారి పట్టకు. ఇంకోటి. నీ కథలో పెళ్లి సంబంధం తప్పిన మర్నాడే, ముప్పై ఏళ్ల వయసులో, అన్నయ్యకి టిక్స్ మొదలయ్యాయి. అది కుదరదు. మామూలుగా ఇవి చిన్నప్పుడే, ఐదారేళ్లకి మొదలవుతాయి. పది పన్నెండేళ్లకి ఉధృతమవుతాయి. పెద్దయ్యాక చాలామందికి తగ్గుతాయి, కొందరికి ఉండిపోతాయి. ముప్పైలో హఠాత్తుగా మొదలైతే ఏ న్యూరాలజిస్టయినా ముందు 'ఏ మాత్రలు వాడుతున్నావు?' అని అడుగుతాడు. ఎందుకంటే కొన్ని మందులు కూడా మూతిని, నాలుకని అలా ఆడిస్తాయి. అది ఇంకో కథ. కావాలంటే సంబంధం తప్పాక ఉన్నవి ఎక్కువయ్యాయని రాయి, నమ్ముతాం.

ఆటిజం ఉన్న అందరికీ టిక్స్ ఉండవు. మిగతావాళ్లకంటే వీళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి, అంతే. పైగా పెద్దవాళ్ల సంగతి ఎవరికి పట్టింది? 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పటి నుంచీ ఆటిజం అంటే పిల్లల వ్యవహారమన్నట్టే చాలా ఏళ్లు నడిచింది. ఆ పిల్లలు పెరిగి బస్సులెక్కరా, పనికి పోరా? నీ కథ విలువ అక్కడుంది. మూడో పేజీలో 'ఈ జబ్బు' అన్నావు, ఆ మాట కొట్టేశాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. ఆ కాగితం భాష కూడా కథకి బాగుండదులే. నువ్వు మామూలుగా 'అన్నయ్య ఇంతే' అని రాసినచోట ఎంత బాగుందో!

మూడోది చావింట్లో నవ్వు. ఇది టిక్ కాదు. లోపలిదొకటి, మొహం మీదకి వచ్చేదొకటి. కొందరికి పట్టరాని సంతోషంలోనూ మొహం గోడలా ఉంటుంది. కొందరికి దుఃఖంలో పెదవులు నవ్వులోకి జారతాయి. దుఃఖం లేక కాదు. అసలు మన అందరిలోనూ నవ్వమంటే నవ్వే దారి వేరు, నవ్వొచ్చి నవ్వే దారి వేరు. పక్షవాతం వచ్చినవాళ్లు కొందరు డాక్టరు నవ్వమంటే ఒక పక్కే నవ్వుతారు, మనవడు జోకేస్తే రెండు పక్కలా నవ్వుతారు. పెద్దనాన్న పాడె దగ్గర ఆ నవ్వు చూసి ఊరంతా ఏమనుకుందో నువ్వు రెండు పేజీలు రాశావు. ఆయన రాత్రి అన్నం తినకుండా పెదనాన్న చెప్పులు తుడిచి అరుగు కింద వరసగా పెట్టాడని ఒక్క వాక్యం రాశావు. ఆ రెండు పేజీలూ తీసెయ్, ఆ ఒక్క వాక్యం ఉంచు. డేమియన్ మిల్టన్ అని, తనకీ ఆటిజం ఉన్న పండితుడు 2012లో ఒక మాట పైకి తెచ్చాడు. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు జబ్బు కాదు, రెండువైపులా ఉంది అని. ఊరు చదవలేకపోయిన మనిషి అన్నయ్య. మరి ఆ చదవలేనితనాన్ని అన్నయ్య ఖాతాలో ఎందుకు రాశావు?

ఇక బస్సు సీను. పక్కసీటావిడ కన్ను కొట్టాడని గోల చేయడం, కండక్టరు కాలరు పట్టుకోవడం. జరిగేదే, జరిగిందేనని నువ్వు రాశావు కూడా. కానీ నువ్వు కథని కాలరు దగ్గర మొదలుపెట్టావు. దానికి ముందు అరగంట ఎక్కడ? నేనైతే ఇలా మొదలుపెడతాను, నచ్చితే ఉంచుకో:

'రామభద్రపురం దాటింది. గజపతినగరం దాకా ఆపితే చాలు, అక్కడ సగం బస్సు ఖాళీ అవుతుంది. కుడికంటి కింద చీమ పాకుతున్నట్టుంది. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు. చీమ చెంపలోకి దిగింది. కరెంటు స్తంభాలు లెక్కపెట్టాడు. నలభై ఒకటి. నలభై రెండు. ఆవిడ అటు తిరిగినప్పుడు ఒక్కటి ఒగ్గేస్తే బాగుణ్ణు. నలభై మూడు దగ్గర ఆవిడ ఇటు తిరిగింది.'

ఇక్కడితో ఆపు. గొడవ రాయకపోయినా జనానికి తెలుస్తుంది.

కన్ను అదిరితే మగాడికి కుడి మంచిది, ఆడదానికి ఎడమ మంచిదని మీ నానమ్మ లెక్కలు వేసే పేరా చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. మీ అమ్మగారిని మాత్రం తాయెత్తు కట్టిందని రాక్షసిని చేశావు. ఆవిడ భయం దెయ్యం గురించి కాదమ్మా, 'పిల్లనెవరిస్తారు' అని. ఆ మాట ఒక్కసారి ఆవిడ చేత పైకి అనిపించు.

ముగింపు సంగతి. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరుగుతుంటే ఆ జనసంద్రంలో అన్నయ్య మొహం ప్రశాంతమైపోయిందన్నావు. మళ్లీ ముఖమే! పైగా ఆ డప్పులు, ఆ తోపులాట, ఆ ఎండ! నాకే తల తిరుగుతుంది, ఆయనకి ఊరటెక్కడిది? ఊరట ఎక్కడుందో నువ్వే ఆరో పేజీలో రాసి, చూసుకోకుండా దాటేశావు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే పని. పనస మొద్దు తొలిచి కుండ లోపలి చెక్కని పలచన చేస్తున్నప్పుడు 'గంటసేపు కన్ను కదల్లేదు' అన్నావు. అది నిజం. చేతులు, ధ్యాస ఒకేచోట మునిగినప్పుడు చాలామందికి టిక్స్ వాటంతటవే నెమ్మదిస్తాయి. పని ఆపగానే మళ్లీ వస్తాయి, రానీ. ఆ గంట రాయి. ఉలి దెబ్బ ఎంత బరువుగా వేస్తాడు, చెక్క పలచబడిందని వేలితో కొట్టి వినేటప్పుడు ఏ చెవి దగ్గర పెడతాడు, పొట్టు వాసన చొక్కాకి ఎన్నాళ్లుంటుంది. నాకు తెలీదు, నీకు తెలుసు.

చివరగా ఒకటి అడుగుతాను. ఈ కథ అన్నయ్యకి చూపించావా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆ గుమాస్తా నాకు చెప్పడానికి ఎండలో నడిచి రావలసి వచ్చింది. మీ అన్నయ్య నీ పక్కగదిలో ఉన్నాడు. చదివి వినిపించు. మొహం చూసి నచ్చిందో లేదో తేల్చుకోకు, నోటితో అడుగు. వెంటనే జవాబు రాకపోతే రెండ్రోజులు ఆగు, కాగితం మీద రాసిమ్మను. వద్దంటే పత్రికకి పంపకు.

ఆ రోజు అరుగు దిగుతూ ఆయన, "ఇంకోపాలి రాస్తే ఆ బేళ్ల గది రాయండి మాస్టారూ" అన్నాడు. రాస్తానన్నాను. ముప్పై ఏళ్లు దాటింది. నీకు ఉత్తరం రాస్తుంటే ఆ గది రెండు మూడు వాక్యాలైనా కాగితం మీదకొచ్చింది.

నీ కథ ప్రతి వెనక్కి పంపుతున్నాను. పెన్సిల్ గీతలే, రబ్బరుతో పోతాయి. అన్నయ్య ఏ పేజీ దగ్గర ఆపమన్నాడో రాయి.

మాస్టారు